24 కంప్యూటర్లు – 200 పనులు

మన భౌతికశాస్త్ర విభాగం కంప్యూటర్ ల్యాబులో 24 కంప్యూటర్లు వున్నాయి. ఒక్కొక్కదానిలో నాలుగేసి ప్రాసెసర్ కోర్లు, 16 గిగాబైట్ల మెమరీ. అన్నీ లినక్స్ మీద నడుస్తాయి, అన్నీ ఒకే నెట్‌వర్కులో వుంటాయి. పగలు ప్రాక్టికల్స్ జరుగుతాయి. రాత్రిపూట తాళం వేసిన గదిలో ఎవరికీ పనికిరాకుండా వెలుగుతూ వుంటాయి. హాస్టలు గదిలో కూర్చుని, నల్లటి తెర మీద నాలుగు ఆజ్ఞలు టైపు చేసి, ఆ 24 కంప్యూటర్ల చేతా పని చేయించవచ్చునని తెలిసిన రోజున నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. ఆ సంబరం వల్ల ఒక అక్క ఆరు రోజుల శ్రమ ఎలా మట్టిపాలైందో, ఆ తర్వాత నేనేమి నేర్చుకున్నానో రాస్తాను. సంచిక సంపాదకులు "ఏదైనా సైన్సు విషయం రాయవోయ్" అన్నప్పుడు మొదట కృష్ణబిలాల గురించి రాద్దామనుకున్నాను. వాటి గురించి రాసేవాళ్ళు ఏటా ఒకరు వుంటూనే వున్నారు. ఈ తప్పు మాత్రం నేను చేసింది కాబట్టి నేనే రాయాలి.

మా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఐసింగ్ నమూనా. చదరంగం బల్లలాంటి గళ్ళ పలక వూహించుకోండి. ప్రతి గడిలో ఒక బాణం. పైకైనా చూస్తుంది, కిందికైనా చూస్తుంది. పక్క గడిలో బాణం ఎటు వుంటే తనూ అటే వుండాలని దాని తాపత్రయం. వేడి ఆ పొందికను చెడగొడుతుంది. వేడి తక్కువైతే బాణాలన్నీ ఒకవైపు తిరిగి పలక అయస్కాంతమవుతుంది, వేడి ఒక హద్దు దాటితే చెల్లాచెదురవుతుంది. చదరపు గళ్ళ మీద ఆ హద్దు, సిద్ధాంతులు వాడే కొలమానంలో, సుమారు 2.269 అని లార్స్ ఆన్సాగర్ 1944లో చేసిన గణితం చెబుతుంది. దాన్ని కంప్యూటరు మీద చూపించటమే నా పని. 1.50 నుంచి 3.45 దాకా 0.05 చొప్పున 40 ఉష్ణోగ్రతలు, ఒక్కొక్కదానికి వేర్వేరు యాదృచ్ఛిక సంఖ్యలతో అయిదేసి సార్లు, వెరసి 200 పనులు. ఏ పనికీ ఇంకో పని ఫలితం అక్కర్లేదు. దేనికదే.

మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఒక పనికి 40 నిమిషాలు పట్టేది. హద్దుకి దగ్గర్లో, అంటే 2.05 నుంచి 2.40 దాకా వున్న ఎనిమిది ఉష్ణోగ్రతల దగ్గర, పలక త్వరగా కుదురుకోదు కాబట్టి ఎక్కువసార్లు తిప్పాలి. అక్కడ పనికి 3 గంటలు. లెక్క వేస్తే 160 పనులకు 107 గంటలు, మిగతా 40 పనులకు 120 గంటలు, మొత్తం 227 గంటలు. ఒక్క కంప్యూటరు తీసుకుని దాని నాలుగు కోర్లూ వాడుకుంటే రెండున్నర రోజులలోపే అయిపోతుంది. రిపోర్టు ఇవ్వటానికి నాకింకా నాలుగు రోజులు గడువుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు. పొద్దున లేచేసరికి అన్నీ అయిపోవాలనుకున్నాను.

చేసిన పద్ధతి ఇది. ఎస్‌ఎస్‌హెచ్ అని ఒక ఆజ్ఞ వుంది. వున్నచోటి నుంచే నెట్‌వర్కు మీద ఇంకో కంప్యూటరు లోపలికి వెళ్ళటానికి. తాళం చెవి లాంటి ఒక ఫైలు తయారుచేసి ముందే అన్నిట్లో పెట్టుకుంటే ప్రతిసారీ పాస్‌వర్డు అడగదు. నోహప్ అని ఇంకొకటి. మనం బయటికి వచ్చేసినా పని ఆగకుండా వుండటానికి. ఈ రెండూ కలిపి ఒక చిన్న లూపు రాశాను. మొదటి ఎనిమిది కంప్యూటర్లకు తొమ్మిదేసి పనులు, తక్కిన పదహారింటికి ఎనిమిదేసి. వరస తప్పకుండా: మొదటిదానికి 1 నుంచి 9, రెండోదానికి 10 నుంచి 18, ఇలాగ. రాత్రి పది గంటలకు ఎంటర్ కొట్టి, టీ తాగటానికి వెళ్ళాను.

ఇందులో తప్పులు చూద్దాం. మొదటిది పంపకం. మాది మిరప, పత్తి వేసే ఇల్లు. కలుపు తీసే రోజున మునుం పడితే, ఒక్కొక్క మనిషికి రెండు సాళ్ళు చొప్పున లెక్కగా పంచితే సరిపోతుందని పట్నం వాళ్ళు అనుకుంటారు. చేనుకి ఒక మూల గరిక ముదిరి వుంటుంది. ఆ మూల సాళ్ళు దొరికినవాళ్ళు మధ్యాహ్నం దాకా అక్కడే వుంటారు, మిగతావాళ్ళు గట్టెక్కి కూర్చుంటారు. అందుకే మా అమ్మ సాళ్ళు ముందుగా పంచదు. ముందు అయినవాళ్ళు తర్వాతి సాలు పడతారు, అంతే. నా పంపకంలో ముదురు గరిక లాంటి పనులు, 56 నుంచి 95 దాకా, వరసగా 7 నుంచి 11 దాకా వున్న అయిదు కంప్యూటర్ల నెత్తిన పడ్డాయి. తక్కిన 19 కంప్యూటర్లూ రాత్రి పదకొండున్నరకల్లా ఖాళీ. ఆ అయిదూ తెల్లవారుజాము దాకా రొప్పుతూనే వున్నాయి. ఇంటి దగ్గర పుట్టినప్పటినుంచీ చూసిన సంగతి, కంప్యూటరు ముందు కూర్చునేసరికి తోచలేదు.

రెండోది, వెళ్ళబోయే చోట ఎవరున్నారో చూడకపోవటం. అప్‌టైం అని కొడితే చాలు, ఆ కంప్యూటరు ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పి, చివర మూడు అంకెలు చూపిస్తుంది. గడచిన ఒక నిమిషం, 5 నిమిషాలు, 15 నిమిషాలలో సగటు భారం అవి. భారం అంటే ప్రాసెసరు మీద నడుస్తున్నవీ, నడవటానికి వంతు కోసం నిలబడినవీ ఎన్ని వున్నాయన్న లెక్క. లినక్సులో డిస్కు కోసం ఎదురుచూసేవి కూడా ఇందులో కలుస్తాయి, కాబట్టి అంకె పెద్దగా కనిపించినంత మాత్రాన ప్రాసెసరుకు తీరిక లేదని చెప్పలేం. నాలుగు కోర్లున్న కంప్యూటరులో భారం 4 అంటే నిండుకుండ. 12 అంటే మూడు మనుషుల పని ఒక్కడి మీద పడినట్టు. ఆ రాత్రి 7వ కంప్యూటరులో అప్పటికే భారం 4. పిహెచ్‌డి చేస్తున్న ఒక అక్క పని అందులో నాలుగు కోర్లూ వాడుకుంటూ ఆరు రోజులుగా నడుస్తోంది. ఆ కంప్యూటరు మానిటరు మీద "ఆపవద్దు, పని నడుస్తోంది" అని కాగితం కూడా అంటించి వుంది. హాస్టలులో నల్లతెర ముందు కూర్చున్నవాడికి ఆ కాగితం కనపడదు.

మూడోది మెమరీ. ఇదే కొంప ముంచింది. నా ప్రోగ్రాములో పలక 128 గడులు పొడవు, 128 గడులు వెడల్పు. గడికి 8 బైట్లు. అంటే ఒక్క పటం లక్షా 31 వేల బైట్లు. అప్పుడప్పుడు పటం తీసి డిస్కు మీద రాసి మరిచిపోవలసింది పోయి, 10,000 పటాలూ చివరిదాకా మెమరీలోనే దాచి వుంచేలా రాశాను. పనికి 1.3 గిగాబైట్లు. తొమ్మిదిలో ఒక తేలిక పని ముందే ముగిసిపోగా మిగిలిన ఎనిమిది పనులూ తెల్లవారే వేళకి 10 గిగాబైట్లు దాటాయి. అక్క పనికి 6. కంప్యూటరులో వున్నది 16. డిస్కు మీద అరువు తెచ్చుకునే స్వాప్ స్థలం ఆ కంప్యూటర్లలో పెట్టలేదు.

మెమరీ పూర్తిగా అయిపోతే లినక్స్ ఏం చేస్తుందో చాలామందికి తెలియదు. నడుస్తున్న పనులలో ఒకదాన్ని చంపుతుంది. దేన్ని చంపాలో ఎంచటానికి మార్కులు వేస్తుంది. ఆ మార్కులలో ముఖ్యమైన భాగం, ఎవరు ఎక్కువ మెమరీ పట్టుకున్నారన్నది. ముందు వచ్చినదెవరు, దౌర్జన్యంగా దూరినదెవరు అన్న విచారణ వుండదు. నావి ఎనిమిది చిన్నవి, అక్కది ఒక్కటే పెద్దది. అక్క పని చచ్చింది. నావి ఎనిమిదీ హాయిగా పూర్తయ్యాయి.

పొద్దున తొమ్మిదింటికి ల్యాబులో అక్క ఏమీ అరవలేదు. డీమెసేజ్ అనే ఆజ్ఞ కొట్టి, మెమరీ చాలక చంపబడినదన్న వరస నాకు చూపించింది. "నీ పని అయ్యిందా తమ్ముడూ?" అంది. అయ్యిందన్నాను. "నేను కూడా మధ్యమధ్య దాచుకోవాల్సిందిలే. ఇంకో రోజులో అయిపోతుంది కదా అనుకున్నా" అంది. ఆ ఫలితం వుంటే ఒక సదస్సుకి వ్యాసం పంపేది. గడువుకి రెండు రోజులే వుంది. పంపలేకపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేసి, నాన్నకి అర్థమయ్యేలా చెప్పటానికి నానా తంటాలు పడ్డాను. మా పొలం సాగర్ ఎడమ కాలువ కింద, చివరి భూములలో వుంటుంది. నీళ్ళు వంతుల వారీగా వదిలినప్పుడు, ఎగువన కాలువ గట్టు మీద మోటార్లు పెట్టి లాగితే కిందికి వచ్చేది తడి మట్టే. రాత్రిళ్ళు నాన్న టార్చిలైటు పట్టుకుని తూము దాకా వెళ్ళి రావటం చిన్నప్పటినుంచీ చూశాను. అంతా విని నాన్న కాసేపు మాట్లాడలేదు. "అంటే నువ్వు కాలవ మీద మోటారు పెట్టినవన్నమాట" అన్నాడు. ఇంక వేరే మాటలోకి దిగాడు.

మా సారు శిక్ష కింద నాకొక పని అప్పజెప్పారు. సంక్రాంతి సెలవుల తర్వాత రెండు వారాలు కూర్చుని, ఆయన పక్కన వుండి, ల్యాబు మొత్తానికి స్లర్మ్ అనే పంపిణీ వ్యవస్థ ఎక్కించటం. ఇది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో పుట్టి 2002లో బయటికి వచ్చింది. మన దేశంలో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద పెట్టిన పెద్ద యంత్రాలలో, హైదరాబాద్ ఐఐటీలో వున్న పరమ్ సేవతో సహా, పనులు పంచేది ఇదే. అంత పెద్ద యంత్రానికీ మన ల్యాబుకీ ఆజ్ఞలు అవే కావటం నాకు భలే అనిపించింది.

ఈ ఆలోచన స్లర్మ్‌తోనే మొదలైంది కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మిరాన్ లివ్నీ బృందం 1988లోనే కాండర్ అనే వ్యవస్థ నడిపింది. దాని పద్ధతి ముచ్చటైనది. ఎవరి బల్ల మీద కంప్యూటరు ఖాళీగా వుంటే దాని మీద ఇతరుల పని నడుస్తుంది. యజమాని వచ్చి మీట నొక్కగానే ఆ పని తప్పుకుంటుంది, వీలైతే అప్పటిదాకా అయినదంతా దాచుకుని ఇంకో కంప్యూటరుకు వెళ్ళి అక్కడినుంచి కొనసాగుతుంది. మన పూర్వ విద్యార్థులలో పెద్దవాళ్ళకైతే ఇంకా పాత సంగతి గుర్తుండవచ్చు: పంచ్ కార్డుల కట్టకి రబ్బరుబ్యాండు వేసి కంప్యూటరు కేంద్రం కిటికీలో ఇచ్చి, మర్నాడు కాగితం తెచ్చుకోవటం. అదీ క్యూయే. మధ్యలో వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చి క్యూ అనే మాట మరిపించాయి. నెట్‌వర్కు వచ్చి మళ్ళీ గుర్తుచేసింది.

స్లర్మ్‌లో పని ఇచ్చేవాడు ఏ కంప్యూటరులోకీ దూరడు. ఎన్ని కోర్లు కావాలి, ఎంత మెమరీ కావాలి, ఎంతసేపు పడుతుంది అని ఒక చీటీలాంటి ఫైలు రాసి, ఎస్‌బ్యాచ్ అనే ఆజ్ఞతో అప్పగిస్తాడు. ఒక నియంత్రిక ప్రోగ్రాము అందరి చీటీలూ తీసుకుని, ఎక్కడ ఖాళీ వుంటే అక్కడికి పంపుతుంది. ముందు అయిన కోరుకి తర్వాతి పని, మా అమ్మ సాళ్ళ పద్ధతే. ఎస్‌క్యూ అని కొడితే క్యూ కనిపిస్తుంది. 'ఆర్' అని వుంటే నడుస్తోంది, 'పీడీ' అని వుంటే ఎదురుచూస్తోంది. పక్కనే కారణం కూడా వుంటుంది. 'రిసోర్సెస్' అంటే మీ వంతు వచ్చింది గాని చోటు ఖాళీ కాలేదు. 'ప్రయారిటీ' అంటే మీకంటే ముందు వేరేవాళ్ళు వున్నారు. ఈ రెండో మాట చూసి మా క్లాసువాళ్ళు కొందరు స్లర్మ్ పాడైపోయిందని సారు దగ్గరికి వెళ్ళారు.

చీటీలో రాసిన మెమరీ వుత్త మాట కాకుండా ఒక కట్టుబాటు పెట్టాం. 2 గిగాబైట్లని రాసి 3 వాడబోతే, ఆగిపోయేది ఆ పనే. పక్కవాడిది కాదు. ఆ రాత్రి ఈ ఒక్క కట్టుబాటు వుండి వుంటే అక్క ఫలితం బతికేది.

నాలాంటి 200 పనులకు 200 చీటీలు అక్కర్లేదు. 'అర్రే' అని ఒక్క చీటీలో 1 నుంచి 200 అని రాస్తే చాలు, ప్రతి పనికీ తన అంకె తెలుస్తుంది. దాని చివర శాతం గుర్తు పెట్టి 8 అని రాస్తే, ఏ సమయంలోనైనా ఎనిమిదికి మించి నడవవు. ఈ శాతం గుర్తు గురించి ఎవరూ అడగరు, ఏ పరీక్షలోనూ రాదు. స్లర్మ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. రాయకపోతే తప్పు పట్టేవాళ్ళు లేరు, రాస్తే పక్కవాడికి చోటు మిగులుతుంది.

ఇక సమయం సంగతి. మొదట్లో మేమంతా భయపడి, 40 నిమిషాల పనికి కూడా 24 గంటలని రాసేవాళ్ళం. తక్కువ రాస్తే, గడువు దాటగానే స్లర్మ్ ఒక హెచ్చరిక సంకేతం పంపి, మామూలుగా 30 సెకన్లు చూసి, చంపేస్తుంది కదా. అయితే ఎక్కువ రాసినా నష్టమే. ఎందుకో వివరిస్తాను. ల్యాబులో మొత్తం 96 కోర్లు. ఒకరికి 80 కోర్లు ఒకేసారి కావాలి, ప్రస్తుతం 50 ఖాళీ. తక్కినవి ఆరు గంటల్లో ఖాళీ అవుతాయి. చిన్న పనులను దూరనిస్తూ పోతే ఈ పెద్ద పనికి ఎన్నటికీ 80 దొరకవు. ఎవరినీ రానివ్వకపోతే 50 కోర్లు ఆరు గంటలు వృథా. ఆర్గాన్ ప్రయోగశాలలో డేవిడ్ లిఫ్కా 1995లో వివరించిన వుపాయం ఏమిటంటే, పెద్ద పనికి ఆరు గంటల తర్వాత చోటు ఖాయం చేసి, ఆ లోపల ముగిసిపోయే చిన్న పనులను మాత్రం నడవనివ్వటం. బ్యాక్‌ఫిల్ అంటారు. కోతల కాలంలో వరికోత మిషను సాయంత్రానికి పెద్ద కమతానికి ఖరారై వుంటుంది. పక్కన అరెకరం వున్నవాడు "గంటలో అయిపోద్ది" అంటే డ్రైవరు వచ్చి కోసిపెట్టి పోతాడు. నాలుగు గంటలు పడుతుందంటే రాడు. గంట అని రాసిన పని సందులో దూరిపోతుంది, 24 గంటలని రాసినది బయట నిలబడుతుంది. ఇది తెలిశాక నా చీటీల మీద ఒక గంట, కష్టమైనవాటికి నాలుగు గంటలు అని రాయటం మొదలుపెట్టాను. క్యూలో నిలబడే సమయం సగానికి పైగా తగ్గింది.

ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది కేవలం వచ్చిన వరసను బట్టి కాదు. ప్రతి ఒక్కరికీ వాటా వుంటుంది. వాడుకున్నది వాటా కంటే పెరిగేకొద్దీ ప్రాధాన్యం తగ్గుతుంది. స్లర్మ్ పాత సూత్రం ప్రకారం ఏమీ వాడనివాడికి 1, సరిగ్గా వాటా అంత వాడినవాడికి 0.5, రెట్టింపు వాడినవాడికి 0.25. పాత వాడకాన్ని ఎల్లకాలం గుర్తుపెట్టుకోదు. మామూలు అమరికలో 7 రోజులకొకసారి లెక్క సగమవుతుంది. ఇవాళ 100 గంటలు వాడితే వారానికి 50గా, రెండు వారాలకు 25గా కనిపిస్తుంది. మా కాలువకి ఇలాంటి పద్దు వుంటే ఎంత బాగుండునో అనిపించింది. కాని వాటాలు నిర్ణయించేది స్లర్మ్ కాదు, మనిషే. మా ల్యాబులో పరిశోధక విద్యార్థులకు 60, డిగ్రీవాళ్ళకు 40 పెట్టారు. డిగ్రీవాళ్ళం ఎక్కువమందిమి, వాళ్ళు ఏడుగురే, ఇదేం న్యాయమని క్లాసులో వాదన జరిగింది. మేము రెండు రోజులు ఆగితే రిపోర్టు రెండు రోజులు ఆలస్యమవుతుంది. వాళ్ళు ఆగితే ఏమవుతుందో నేను చూశాను. నేను 60కే చేయి ఎత్తాను. ఆ రోజు మా గదివాళ్ళు నాతో కలిసి భోజనానికి రాలేదు.

స్లర్మ్ లేనిచోట, నాలుగైదు కంప్యూటర్లు మాత్రమే వున్నచోట ఏం చేయాలని అడగవచ్చు. గ్నూ పారలల్ అని ఒక చిన్న వుచిత సాధనం వుంది, ఓలే టాంగే రాసినది. కంప్యూటర్ల జాబితా ఇస్తే ఎస్‌ఎస్‌హెచ్ మీద తనే వెళ్ళి, ఖాళీ అయిన చోట తర్వాతి పని మొదలుపెడుతుంది. భారం ఇంత దాటిన కంప్యూటరులో కొత్త పని మొదలుపెట్టవద్దని చెప్పే మార్గం కూడా వుంది. జాబు లాగు రాయిస్తే, కరెంటు పోయినా అయిపోయినవాటిని వదిలేసి మిగతావాటితో కొనసాగుతుంది. దీనికి తోడు నైస్ అనే పాత యునిక్స్ ఆజ్ఞ. పనికి మైనస్ 20 నుంచి 19 దాకా ఒక అంకె వుంటుంది. అంకె పెరిగేకొద్దీ ఆ పని పక్కవాళ్ళకు దారి ఇస్తుంది. మామూలు వాడకందారు ఆ అంకెను పెంచగలడు గాని, సున్నా కిందికి దించలేడు. అయితే నైస్ ప్రాసెసరు వంతులనే చూస్తుంది. మెమరీ విషయంలో దానివల్ల రక్షణ లేదు. ఆ రాత్రి నైస్ 19 పెట్టి నడిపి వున్నా అక్క పని చచ్చేదే.

నా ప్రాజెక్టు మొత్తం మళ్ళీ స్లర్మ్ మీద, ఎనిమిదేసి చొప్పున నడిపాను. రెండు రాత్రులు పట్టింది. గ్రాఫులో శిఖరం 2.25, 2.30 మధ్య వచ్చింది. అక్క తన ప్రోగ్రాముకి గంటకొకసారి ఫలితం దాచుకునే ఏర్పాటు చేసుకుంది. ఆ భాగం రాయటానికి నన్ను పిలిస్తే వెళ్ళి సాయం చేశాను. మానిటరు మీద కాగితం మాత్రం తీయనివ్వలేదు.

ఈ వ్యాసం అచ్చుకి ఇచ్చే ముందు ఎస్‌క్యూ కొట్టి చూశాను. పైన అక్క కొత్త పని, 7వ కంప్యూటరు మీద, నాలుగు రోజుల పదకొండు గంటలుగా నడుస్తోంది. కింద నావి పన్నెండు వున్నాయి. అన్నిటికీ 'పీడీ', కారణం 'ప్రయారిటీ'.